ఆటగాడు లేచి వెళ్లాక

2017 నవంబరులో 'స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2' వచ్చినప్పుడు ఆ ఆటలో డార్త్ వేడర్ పాత్ర చేతికి రావాలంటే 60,000 క్రెడిట్లు కట్టాలి. మామూలుగా ఆడుతూ పోతే అన్ని క్రెడిట్లు పోగవడానికి దాదాపు 40 గంటలు పడుతుందని ఆటగాళ్లు లెక్క తేల్చారు. ఆ లెక్కలోనే ఇంకో సంగతి బయటపడింది. మ్యాచ్‌లో ఎంత బాగా ఆడినా, ఎంత నాసిగా ఆడినా చేతికొచ్చే క్రెడిట్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. మ్యాచ్ ఎంతసేపు సాగిందన్నదాన్ని బట్టే ముట్టేది. ఇంకేముంది, కొందరు కంట్రోలర్ మీది రెండు స్టిక్‌లకూ కలిపి ఒక రబ్బరు బ్యాండు చుట్టి, దాన్ని సోఫాలో పడేసి తమ పని చూసుకున్నారు. తెరమీద సైనికుడు ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంటాడు. కదులుతున్నాడు కాబట్టి ఆట అతన్ని బయటికి నెట్టదు. గంట గంటకీ క్రెడిట్లు జమవుతుంటాయి.

కష్టపడి సంపాదించుకున్నామన్న తృప్తి ఆటగాళ్లకు కలగాలనే ధర అంత పెట్టామని ఆటను విడుదల చేసిన ఈఏ సంస్థ తరఫున రెడిట్‌లో జవాబు వచ్చింది. ఆ జవాబుకు ఆరు లక్షలకు పైగా వ్యతిరేక ఓట్లు పడ్డాయి. వేడర్ ధర 15,000కి దిగింది. లోకం ఈ గొడవను లూట్ బాక్సుల గొడవగానే, అంటే లోపల ఏముందో తెలియకుండా కొనే పెట్టెల గొడవగానే గుర్తుపెట్టుకుంది. నా దృష్టిలో మాత్రం ఆ మొత్తం వ్యవహారంలో అసలైన సాక్ష్యం ఆ రబ్బరు బ్యాండు. సొంత డబ్బు పోసి కొన్న ఆటను ఆడకుండా తప్పించుకోవడానికి మనిషి ఉపాయం వెతుక్కున్నాడంటే, ఆ ఆట కట్టినవాళ్లు ఎక్కడో లెక్క తప్పారు.

ఆట ఆన్‌లో పెట్టి మనిషి పక్కకు వెళ్లిపోవడాన్ని ఆటగాళ్లు ఏఎఫ్‌కే అంటారు. బాత్రూమ్‌కి వెళ్లొచ్చే ఐదు నిమిషాల ఏఎఫ్‌కే గురించి కాదు నేను చెప్పేది. ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు) కోసమో, కాయిన్ల కోసమో, అమ్ముకోదగ్గ వస్తువుల కోసమో రాత్రంతా, పగలంతా యంత్రాన్ని వదిలేయడం గురించి. దీన్ని సోమరితనం అని కొట్టిపారేసేవాళ్లున్నారు, మోసం అనేవాళ్లున్నారు, తెలివి అనేవాళ్లున్నారు. పాతికేళ్లకు పైబడ్డ ఈ చరిత్రను వరసగా చూస్తే నాకు అర్థమైందేమిటంటే, నైపుణ్యానికి కాకుండా గడిచిన కాలానికి కూలి కట్టిచ్చే ఆట ఎక్కడ ఉంటే అక్కడ ఇది పుడుతుంది. ముందుగా ప్రశ్నించాల్సింది ఆ కూలి లెక్క రాసినవాళ్లని. అయితే ఆ మాట చెప్పినంత మాత్రాన ఆటగాడి బాధ్యత తీరిపోదు. అతను వదిలేసి వెళ్లిన పాత్ర ఎవరి మధ్య నిలబడి ఉందన్నది కూడా చూడాలి.

మొదటి పెద్ద ఉదాహరణ 1997లో వచ్చిన 'అల్టిమా ఆన్‌లైన్'. ఏ పని చేస్తే ఆ పనిలో నైపుణ్యం పెరగడం అందులో నియమం. కత్తి తిప్పితే కత్తిసాము, కమ్మరం చేస్తే కమ్మరం. వినడానికి ఎంతో సహజంగా ఉంది. ఆచరణలో మాత్రం ఒకే పనిని వేలసార్లు చేయాలి. కొద్ది రోజుల్లోనే జనం ఆ పనిని మళ్లీ మళ్లీ నొక్కే మాక్రోలు రాసుకుని పడుకోవడం మొదలెట్టారు. అక్కడి నిర్వాహకులు మాక్రోని నిషేధించలేదు, మనిషి లేకుండా మాక్రో నడపడాన్ని నిషేధించారు. గేమ్ మాస్టర్ నేరుగా ఆ పాత్ర దగ్గరికి వచ్చి పలకరించేవాడు. బదులు రాకపోతే చర్య తప్పదు. మనిషి ఉన్నాడా లేడా అన్నదాన్ని మనిషే వచ్చి తేల్చుకున్న కాలం అది. లక్షల మంది ఆడే ఆటల్లో ఆ పద్ధతి సాగదు.

2009 మేలో వాల్వ్ సంస్థ 'టీమ్ ఫోర్ట్రెస్ 2'లో కొత్త ఏర్పాటు చేసింది. ఆడుతున్నంతసేపూ అప్పుడప్పుడూ ఒక ఆయుధమో, అరుదుగా ఒక టోపీయో దానంతటదే ఆటగాడి సంచిలో వచ్చిపడుతుంది. చూస్తుండగానే ఐడిల్ సర్వర్లు పుట్టుకొచ్చాయి. అక్కడ ఎవరూ ఎవర్నీ కాల్చరు, అందరూ నిలబడి ఉంటారు, అంతే. ఆ తర్వాత ఆటను తెరవకుండానే తెరిచినట్టు సర్వర్‌ని నమ్మించే ప్రోగ్రాము వచ్చింది. సెప్టెంబరులో వాల్వ్ ఆ ప్రోగ్రాము వాడినవాళ్ల దగ్గర్నుంచి దాని ద్వారా వచ్చిన వస్తువుల్ని తీసేసింది. వాళ్లు మొత్తం ఆటగాళ్లలో నాలుగున్నర శాతం. మిగిలినవాళ్లందరికీ తలపై వెలిగే ఒక కాంతివలయాన్ని ఉచితంగా ఇచ్చింది. శిక్ష కన్నా ఆ బహుమతి మీదే ఎక్కువ రభస జరిగింది. కానీ వస్తువు రావడానికి నిలబడితే చాలన్న మూల సూత్రం మాత్రం అలాగే ఉండిపోయింది. 2013లో గానీ వాల్వ్ దాన్ని బిగించలేదు. వచ్చిన వస్తువును ఆటగాడు స్వయంగా నొక్కి స్వీకరిస్తేనే తర్వాతిది వచ్చేలా మార్చింది.

ఆశ్చర్యమేమిటంటే అదే 2013లో అదే సంస్థ తన ఆటల దుకాణం స్టీమ్‌లో ట్రేడింగ్ కార్డులు ప్రవేశపెట్టింది. కొన్న ఆట నడుస్తుంటే ఒక పరిమితి దాకా కార్డులు రాలుతాయి, వాటిని మార్కెట్లో అమ్ముకోవచ్చు. ఆట నడుస్తున్నట్టు నటించే 'ఐడిల్ మాస్టర్' లాంటి ఉపకరణాలు వెంటనే తయారయ్యాయి. ఇక్కడ కథ ఒక మెట్టు పైకెక్కింది. ఈసారి వదిలేసింది ఆటగాళ్లు మాత్రమే కాదు, ఆటలు చేసినవాళ్లు కూడా. కార్డుల కోసమే పనికిమాలిన ఆటల్ని తయారుచేసి, వాటి కీలను మనిషికి బదులు ప్రోగ్రాము నడిపే వేలాది బాట్ ఖాతాలకు పంచి, రాలిన కార్డుల్ని అమ్ముకోవడం మొదలుపెట్టారు. ఇది వాల్వ్ స్వయంగా 2017లో చెప్పిన సంగతి. అప్పటి నుంచి నిజమైన ఆటగాళ్లు తగినంత మంది ఆడారని రూఢి అయ్యేదాకా ఏ ఆటకూ కార్డులు రాలవు.

అంత అనుభవం ఉన్న స్టీమ్‌లోనే 2024 ఏప్రిల్లో 'బనానా' వచ్చింది. తెర మధ్యలో ఒక అరటిపండు బొమ్మ. నొక్కితే అంకె పెరుగుతుంది. అంతకు మించి ఆడటానికి ఏమీ లేదు. మూడు గంటలకోసారి ఒక మామూలు అరటిపండూ, 18 గంటలకోసారి కాస్త అరుదైనదీ ఖాతాలో పడతాయి. జూన్ వచ్చేసరికి ఒకే సమయంలో 9 లక్షలకు పైగా ఖాతాలు ఈ పండు ముందు కూర్చున్నాయి. వాటిలో చాలా భాగం బాట్లేనని చేసినవాళ్లే ఒప్పుకున్నారు.

ఈ పండు లెక్కను దగ్గర్నుంచి చూద్దాం. అరుదైన కొన్ని పండ్లు పెద్ద ధర పలికిన మాట నిజమే కానీ, మామూలు పండు మార్కెట్లో పలికేది కనీస ధర, అంటే మూడు సెంట్లు. అందులో ఒక సెంటు వాల్వ్‌కి, ఒక సెంటు ఆట చేసినవాళ్లకి, ఒక సెంటు అమ్మినవాడికి. రోజంతా, 24 గంటలూ నడిపితే వచ్చే మామూలు పండ్లు ఎనిమిది. ఎనిమిది సెంట్లు మన డబ్బుల్లో సుమారు ఏడు రూపాయలు. ఆ రోజంతా డెస్క్‌టాప్ కంప్యూటర్ తేలిగ్గా 100 వాట్లు తీసుకుందనుకున్నా 2.4 యూనిట్లు కాలతాయి. యూనిట్ ఏడు రూపాయలు వేసుకుంటే 17 రూపాయలు. ఏడు రూపాయల కోసం 17 రూపాయల కరెంటు. ఒకే యంత్రం మీద వందల ఖాతాలు నడిపేవాడికే ఇందులో మిగులు. ఒక్క ఖాతాతో ఆశపడ్డ కుర్రాడు కరెంటు బిల్లు రూపంలో నష్టపోతాడు, సాధారణంగా ఆ బిల్లు కట్టేది వాళ్ల నాన్న.

కరెంటు సంగతి మన దగ్గర ఇంకొంచెం పెద్దది. గేమ్ నడుస్తున్నప్పుడు ప్లేస్టేషన్ 5 దాదాపు 200 వాట్లు లాగుతుంది. రాత్రికి పది గంటలు వదిలేస్తే రెండు యూనిట్లు, నెలకు 60. మన రెండు రాష్ట్రాల్లోనూ ఇళ్ల కరెంటుకు శ్లాబు పద్ధతి కాబట్టి ఈ 60 యూనిట్లు పడేది అన్నిటికన్నా పైశ్లాబులో. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హత ఉన్న ఇళ్లకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు సున్నా. అది దాటితే మొత్తం కట్టాలి. 150 యూనిట్లతో సరిపెట్టుకుంటున్న ఇల్లు ఈ ఆట వల్ల 210కి చేరిందంటే, పోయింది 60 యూనిట్ల ధర కాదు, ఆ నెల మాఫీ మొత్తం. ఫోన్లలో ఏఎఫ్‌కే పెట్టేవాళ్లకు బిల్లు భయం లేదు గానీ, ఛార్జర్ గుచ్చి, ఎక్కువ బ్రైట్‌నెస్‌తో రాత్రంతా వేడెక్కించిన లిథియం బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది. ఓలెడ్ తెర అయితే కదలకుండా ఉండే బటన్ల బొమ్మలు దాని మీద మచ్చలా అచ్చుపడతాయి. రివార్డుల వీడియోలు చేసేవాళ్లు ఈ ఖర్చు సంగతి ఎత్తరు.

అలాగని నేను వదిలేసి పోవడాన్ని మొత్తంగా తిట్టను. అందులో నిజమైన ఆట దాగున్న చోట్లున్నాయి. 'మైన్‌క్రాఫ్ట్' సంగతి తీసుకోండి. ఆ ప్రపంచంలో ఆటగాడు దగ్గరలో లేని ప్రాంతం స్తంభించిపోతుంది. పంట ఎదగదు, యంత్రం తిరగదు. అతను వెళ్లి దరిదాపుల్లో నిలబడితేనే అక్కడి కాలం కదులుతుంది. అందుకే పిల్లలు ఐరన్ ఫార్మ్ కట్టుకుంటారు. గ్రామస్తుల్ని ఒక గదిలో పెట్టి, వాళ్లకు కనపడేలా ఒక జాంబీని బంధిస్తారు. గ్రామస్తులు భయపడినప్పుడల్లా వాళ్లను కాపాడటానికి ఒక ఐరన్ గోలెమ్ పుడుతుంది. అది పుట్టిన చోటి నుంచి నీళ్లు దాన్ని లావాలోకి తోసుకెళ్తాయి. రాలిన ఇనుప కడ్డీలు, ఒక్కో గోలెమ్‌కి మూడు నుంచి ఐదు, హాపర్ల గుండా పెట్టెలోకి జారిపోతాయి. ఇది పనిచేయాలంటే గోలెమ్ ఎప్పుడు పుడుతుందో, నీరు ఎన్ని దిమ్మెల దూరం పారుతుందో, హాపర్ ఎటు తిరిగి ఉండాలో అన్నీ తెలియాలి. నాలుగుసార్లు పడగొట్టి కట్టాలి. అలా కట్టిన పిల్లవాడు పక్కన తన పాత్రను నిలబెట్టి అన్నం తినడానికి వెళ్తే, అతను ఆట మానేసినట్టు కాదు. అతని ఆట కట్టడంలో ఉంది, అది ముగిసింది. ఇప్పుడు నడుస్తున్నది ఫలితం.

అదే మైన్‌క్రాఫ్ట్‌లో చేపల ఫార్మ్ కథ వేరేగా సాగింది. ఒక చిన్న నీటి గుంట, పైన ఒక మీట, కుడి బటన్ మీద ఏదో బరువు పెట్టేస్తే గాలం దానంతటదే పడుతూ లేస్తూ ఉంటుంది. తెల్లారేసరికి పెట్టె నిండా మంత్రపు పుస్తకాలు. వాటి కోసం చేయాల్సిన సాహసాలు ఎన్నో ఉండగా వాటన్నిటినీ ఈ గుంట ఎందుకూ కొరగాకుండా చేసింది. 2020 జూన్‌లో వచ్చిన 1.16 వెర్షన్‌లో, చుట్టూ తగినంత తెరిపి నీరు ఉంటేనే విలువైన వస్తువులు గాలానికి పడతాయని మార్చారు. గుంటలో ఇంకా చేపలు దొరుకుతాయి, నిధులు దొరకవు. నిషేధాలు, హెచ్చరికలు లేవు. ఇంత నెమ్మదిగా, ఇంత న్యాయంగా చేసిన మార్పును నేను ఇంకెక్కడా చూడలేదు.

సొంత లోకంలో నిలబడటం వేరు, పదిమంది పంచుకునే లోకంలో నిలబడటం వేరు. 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్'లో అల్టరాక్ వ్యాలీ అనే యుద్ధభూమి ఉంది, అటు 40 మంది, ఇటు 40 మంది. గెలిచినా ఓడినా హానర్ అనే పాయింట్లు కొన్ని దక్కేవి. దాంతో గుహలో చేరి కదలకుండా కూర్చునేవాళ్లు తయారయ్యారు. 40 మందిలో పదిమంది అలా కూర్చుంటే మిగిలిన 30 మంది ఓడిపోతారు. కూర్చున్నవాడి ముల్లె ఆ ముప్పై మంది సాయంత్రం నుంచి వచ్చింది. తోటి ఆటగాళ్లే ఫిర్యాదు చేసి అతనికి హానర్ దక్కకుండా చేసే ఏర్పాటును ఆట కట్టిన బ్లిజార్డ్ సంస్థ తెచ్చాక గానీ ఇది అదుపులోకి రాలేదు.

మన కుర్రాళ్లకు ఇది బీజీఎంఐ అనే ఫోన్ ఆట రూపంలో బాగా తెలుసు. ఎంతసేపు బతికి ఉన్నామన్నదానికి ర్యాంక్ పాయింట్లు వస్తాయి కాబట్టి, స్క్వాడ్‌లో నలుగురిలో ఒకడు ఎక్కడో గడ్డిలో పడుకుని ఫోన్ పక్కన పెట్టేస్తాడు. "బ్రో, రివైవ్ చెయ్ బ్రో" అని మైకులో ముగ్గురూ మొత్తుకున్నా అటునుంచి పలుకు ఉండదు. మెరిట్ పాయింట్లు 60 కంటే కిందికి పడితే స్క్వాడ్‌లో చేరనివ్వకుండా ఆపే ఏర్పాటు ఆ ఆటలో ఉంది. అది ఉండాల్సిందే. టీమ్ ఆటలో వదిలేసి పోవడానికి నేను ఏ సాకూ ఒప్పుకోను. ఆ ముగ్గురికీ ఉన్నది ఆ ఒక్క అరగంటే కావచ్చు.

తోటివాళ్లు నేరుగా కనపడని నష్టం ఇంకొకటుంది. దానికి పోలిక మన పొలాల్లోనే ఉంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైనప్పుడు ప్రభుత్వం రైతుల్ని ఆటోస్టార్టర్లు తీసేయమని కోరింది. మనిషి లేకుండా మోటారు నడిస్తే ఆ పొలానికి అవసరానికి మించి నీళ్లు పారతాయి, తగ్గేది మాత్రం ఊరందరి కింద ఉన్న భూగర్భజలం. ఆన్‌లైన్ ఆటల మార్కెట్లో సరిగ్గా ఇదే జరుగుతుంది. 'రూన్‌స్కేప్'లో వేలాది బాట్లు పగలూ రాత్రీ చెట్లు కొట్టి దుంగలు అమ్మితే, సాయంత్రం వచ్చి రెండు గంటలు చెట్లు కొట్టే మనిషి దుంగకు ధర ఉండదు. ఆ ఆట నడిపే జాజెక్స్ సంస్థ ఈ బెడదను తట్టుకోలేక 2007 చివరి నుంచి ఆటగాళ్ల మధ్య స్వేచ్ఛగా వస్తువులు మార్చుకునే సదుపాయాన్నే తీసేసింది. మంచి ఆటగాళ్లు నష్టపోయారు. ఓటింగు పెట్టి 2011 ఫిబ్రవరిలో దాన్ని తిరిగి ఇచ్చింది. అదే ఏడు అక్టోబరులో ఒక్క రోజులో 15 లక్షల బాట్ ఖాతాల్ని మూసేసినట్టు ప్రకటించింది.

ఐస్‌లాండ్ సంస్థ సీసీపీ 2003లో తెచ్చిన 'ఈవ్ ఆన్‌లైన్'లో ఈ పనిని ఆటగాళ్లే చేతుల్లోకి తీసుకున్నారు. అక్కడ గ్రహశకలాల మీద గని ఓడను నిలిపి సినిమా చూసుకునేవాళ్లు చాలామంది. 2012లో 'న్యూ ఆర్డర్' పేరుతో ఒక గుంపు బయల్దేరి, సురక్షిత ప్రాంతాల్లో గనులు తవ్వేవాళ్లంతా తమ దగ్గర కోటి ఇస్క్‌ల (ఆ ఆటలోని డబ్బు) పర్మిట్ కొనాలని, పలకరిస్తే బదులివ్వాలని శాసించింది. పలకని ఓడల్ని పేల్చేసింది. దౌర్జన్యం అన్నవాళ్లూ ఉన్నారు, శుభ్రం చేశారన్నవాళ్లూ ఉన్నారు. నేను దౌర్జన్యమనే అంటాను. తవ్వడం అంత విసుగ్గా ఎందుకుందని సీసీపీని నిలదీయాల్సింది పోయి, విసుగెత్తిన మనిషి మీద పడ్డారు.

కోర్టుల దాకా వెళ్లిన కేసులు కొన్నే గానీ తెలుసుకోదగ్గవి. వార్‌క్రాఫ్ట్‌ను మనిషి లేకుండా ఆడించే 'గ్లైడర్' ప్రోగ్రాము లక్షకు పైగా అమ్ముడుపోయింది. దానిమీద బ్లిజార్డ్ వేసిన దావాలో 2010 డిసెంబరులో అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు తీర్పు చెప్పింది. ఆట నియమాన్ని ఉల్లంఘించి బాట్ వాడినంత మాత్రాన ఆటగాడు కాపీరైట్ దొంగ కాడు. బాట్లను పట్టే రక్షణను దాటిపోయే సాధనాన్ని అమ్మడం మాత్రం తప్పు. నిషేధం ఆట యజమాని హక్కు, నేరం మాత్రం వేరే సంగతి అన్న ఈ గీత నాకు సబబుగా తోస్తుంది. 2017లో 'ఆనర్‌బడ్డీ' అమ్మిన జర్మన్ సంస్థ బాస్‌లాండ్ మీద అమెరికా కోర్టు 85 లక్షల డాలర్లకు పైగా కట్టమని ఆదేశించింది. శిక్ష పడ్డది అక్కడా సాధనం అమ్మినవాళ్లకే.

రివార్డుల లెక్కలో సర్కారే వేలు పెట్టిన దేశం చైనా. 2007లో అమలైన పద్ధతి ప్రకారం పిల్లల ఖాతాకు మొదటి మూడు గంటలు పూర్తి ఫలితం, మూడు నుంచి ఐదు గంటల మధ్య సగం, ఆపైన సున్నా. 2021లో దాన్ని ఇంకా బిగించి శుక్ర, శని, ఆదివారాల్లోనూ సెలవు రోజుల్లోనూ రాత్రి 8 నుంచి 9 దాకా మాత్రమే అన్నారు. రెండోది నాకు మితిమీరినట్టే అనిపిస్తుంది. మొదటి దాంట్లో మాత్రం ఒక తెలివి ఉంది. కాలాన్ని బట్టి వచ్చే ఫలం ఒక దశలో ఆగిపోతే, రాత్రంతా వదిలేయాలన్న ఆశే పుట్టదు.

బ్లిజార్డ్ ఇదే తెలివిని ఇంకో దారిలో చూపింది. వార్‌క్రాఫ్ట్ పరీక్షల దశలో ఎక్కువసేపు ఆడితే ఎక్స్‌పీ సగానికి తగ్గేలా పెట్టారు. ఆటగాళ్లు మండిపడ్డారు. అంకెల్ని అలాగే ఉంచి పేరు తిప్పేశారు: విశ్రాంతి తీసుకుని వచ్చినవాడికి కొంతసేపు రెట్టింపు ఎక్స్‌పీ, ఆ తర్వాత మామూలు. అందరూ సంతోషించారు. ఆట మూసి నిద్రపోవడమే లాభమైన చోట యంత్రాన్ని వెలిగించి ఉంచాల్సిన పనేముంది?

వదిలేయడాన్నే సరుకుగా మార్చిన ఆటలు ఇంకో పాయ. 2002లో వచ్చిన 'ప్రోగ్రెస్ క్వెస్ట్' మొదలుపెట్టాక ఆటగాడు చేసేదేమీ ఉండదు. పాత్ర తనే కొట్లాడుకుని తనే ఎదుగుతుంది. అది 'ఎవర్‌క్వెస్ట్' లాంటి ఆటల మీద విసురు. 2010లో గేమ్ డిజైనర్ ఇయన్ బోగోస్ట్ ఫేస్‌బుక్‌లో 'కౌ క్లిక్కర్' పెట్టాడు. ఆవును ఆరు గంటలకోసారి నొక్కాలి, అంతే. ఫార్మ్‌విల్ తరహా ఆటలు ఎంత డొల్లవో చూపించడానికి చేసింది. జనం దాన్నీ ఇష్టంగా ఆడారు. 2011లో ఆయన ఆవులన్నిటినీ మాయం చేశాక కూడా కొందరు ఖాళీ జాగాను నొక్కుతూనే ఉన్నారు. ఈ సంగతిని నేను తేలిగ్గా తీసుకోలేను. అంకె పెరగడం చూడటంలో మనిషికి ఏదో ఊరట ఉంది, దాన్ని ఎత్తిపొడిచి పోగొట్టలేం.

2013 ఆగస్టులో జూలియన్ థియెన్నో అనే ఫ్రెంచ్ కుర్రాడు చేసిన 'కుకీ క్లిక్కర్'తో అది ఐడిల్ ఆటలన్న తరహాగా స్థిరపడింది. ఆ తర్వాత 'యాడ్‌వెంచర్ క్యాపిటలిస్ట్', 'క్లిక్కర్ హీరోస్', 'ఏఎఫ్‌కే అరీనా'. కొరియాలో లీనేజ్ పేరుతో వచ్చిన మొబైల్ ఆటల్లో ఆటో వేట బటన్ మామూలు సదుపాయమైంది. 'బ్లాక్ డెజర్ట్' అయితే చేపలు పట్టడం, గుర్రాలకు శిక్షణ ఇవ్వడం వదిలేసి పోవడానికే అనుకూలంగా కట్టారు. ఆటను టాస్క్‌బార్ మూలకు దాచి నడిపే మోడ్ కూడా ఇచ్చారు. ఒకప్పుడు బాట్ చేసిన పనిని ఇప్పుడు కంపెనీయే చేసిపెడుతోంది.

పండితులు దీన్ని రెండు వైపుల నుంచి చూశారు. అవసరం లేని అడ్డంకుల్ని ఇష్టపడి దాటడమే ఆట అని బెర్నార్డ్ సూట్స్ 1978లో నిర్వచించాడు. ఆ ప్రకారం చూస్తే అడ్డంకిని యంత్రానికి అప్పగించినవాడు ఆడటం లేదు. ఆస్ట్రియా తత్వవేత్త రాబర్ట్ ఫాలర్ మాటలు ఇంకోలా ఉంటాయి. మనం ఆనందించాల్సినదాన్ని వేరొక వస్తువుకి అప్పజెప్పి మనం తప్పుకోవడంలో కూడా ఒక సుఖం ఉందంటాడాయన. సినిమాలు రికార్డు చేసి దాచి ఎప్పటికీ చూడనివాళ్లు ఆయన ఇచ్చిన ఉదాహరణ. సోనియా ఫిజెక్ 2018లో ఈ ఆలోచనను ఐడిల్ ఆటలకు అన్వయించింది. నిక్ యీ 2006లోనే ఆన్‌లైన్ ఆటలు ఉద్యోగంలా తయారవుతున్నాయని రాశాడు. నాకు నిక్ యీ చెప్పిన మాటే నేలకు దగ్గరగా అనిపిస్తుంది. షిఫ్టు డ్యూటీ చేసి వచ్చి, స్నేహితుల స్థాయికి చేరితేనే వాళ్లతో కలిసి ఆడగలిగిన మనిషికి, ఆ స్థాయి 40 గంటల దూరంలో పెట్టిన ఆట ఇంకో షిఫ్టు. అతను వదిలేసి పడుకుంటే తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు.

డబ్బు ఆశ చూపే రకాన్ని మాత్రం వేరుగా చూడాలి. 2024లో టెలిగ్రామ్‌లో 'హ్యామ్‌స్టర్ కాంబాట్' ఊపేసింది. వేళ్లతో తెరను కొడితే నాణేలు, కార్డులు కొంటే గంటకింత చొప్పున ఊరికే వచ్చే నాణేలు. కానీ ఆ ఊరికే వచ్చేవి మూడు గంటలు దాటితే ఆగిపోయేవి, మళ్లీ తెరవాల్సి వచ్చేది. యంత్రాన్ని కాదు, మనిషినే రోజంతా ఆన్‌లో పెట్టే కొలత అది. తెలుగు యూట్యూబ్ నిండా ఆ రోజు అదనపు నాణేలు తెచ్చే కాంబో ఏమిటి, సైఫర్ ఏమిటి అన్న వీడియోలే. సెప్టెంబరు 26న టోకెన్లు పంచారు. నెలల తరబడి కొట్టినవాళ్లలో ఎక్కువమందికి చేతికొచ్చింది చిల్లర. ప్రకటనలు చూపించినవాళ్ల దగ్గరా, ఛానెళ్లు పెంచుకున్నవాళ్ల దగ్గరా మాత్రం లెక్క వేరు.

వదిలేసి పోయేవాళ్లకు ఫలం ఇవ్వాలనే కంపెనీ అనుకుంటే దానికి యంత్రం వెలుగుతూ ఉండాల్సిన సాంకేతిక అవసరం చాలా ఆటల్లో లేదు. ఈవ్‌లో నైపుణ్యాల శిక్షణ 2003 నుంచీ కంప్యూటర్ ఆపేసినా సాగుతుంది. 'మెల్వర్ ఐడిల్' తెరవగానే చివరిసారి మూసిన సమయాన్నీ ఇప్పటి సమయాన్నీ పోల్చి, మధ్య గడిచిన కాలానికి, 24 గంటలకు మించకుండా, రావాల్సినదంతా క్షణంలో లెక్కకట్టి ఇస్తుంది. ఒక తీసివేత లెక్క, అంతే. కుకీ క్లిక్కర్‌లో మాత్రం ట్యాబ్ మూస్తే మొదట్లో ఏమీ రాదు. చాలా దూరం ఆడి ఒక ప్రత్యేక అప్‌గ్రేడ్ కొన్నాక కూడా మొదట దక్కేది ఉత్పత్తిలో ఐదు శాతం, అదీ ఒక గంటకు. పైగా ఉన్నట్టుండి కనపడే బంగారు కుకీ 13 సెకన్లలో మాయమవుతుంది. ట్యాబ్ తెరిచే ఉంచాలి, కన్ను వేసే ఉంచాలి. రెండూ కాలానికి ఫలమిచ్చే ఆటలే, ఒకటి మనిషిని వదిలిపెడుతుంది, ఇంకొకటి పట్టుకుంటుంది.

ఎందుకు పట్టుకుంటారో ఊహించడం కష్టం కాదు. ఇప్పుడు ఎందరు ఆడుతున్నారన్న అంకెను బట్టే స్టీమ్‌లో ఆట పట్టికలో పైకి పోతుంది, పైకి పోయిన ఆటనే కొత్తవాళ్లు తెరుస్తారు. బనానా ఎక్కింది ఆ మెట్ల మీదుగానే, ఆ 9 లక్షల్లో మనుషులెందరో ఆ పట్టిక చెప్పలేదు. ఆడుతున్నవాళ్లనూ వదిలేసి వెళ్లినవాళ్లనూ రెండు వరసల్లో వేరుగా చూపించమని ఆటగాళ్లు అడగాలి. కంపెనీలకు అది కొత్తగా కనిపెట్టాల్సిన విద్య కాదు. రోబ్లాక్స్‌లో 20 నిమిషాలు కదలకపోతే బయటికి పంపే గడియారం ఎప్పటి నుంచో నడుస్తూనే ఉంది.